ఆదివారం ఎటు పోయిందో తేల్చే లెక్క

ఆదివారం పొద్దంతా ఖాళీయే, అయినా సాయంత్రానికి మనసు చప్పగా ఉంటుంది. మనం నిజంగా దేంట్లో లీనమవుతామో ఇట్లా చూసుకోవచ్చు. ఫోన్లో రోజుకు 6 అలారాలు వేళాపాళా లేకుండా పెట్టండి, 9.10, 11.35 అట్లా. మోగంగానే ఏం చేస్తున్నామో రాసి, ఆ పని ఎంత కష్టం, మనకెంత చేతనవును, రెంటికీ 10కి మార్కులెయ్యండి. అర నిమిషం పని. వారం చాలు. రెండు మార్కులూ ఎక్కువగా, దగ్గరదగ్గరగా వచ్చిన పనే మనల్ని లీనం చేసేది. (1970ల్లో చికాగోలో పరిశోధకులు బీప్‌మని మోగే చిన్న పేజర్లిచ్చి ఇట్లాగే రాయించేవాళ్లు.) నాకు రీల్స్‌కి 1, 9 పడ్డాయి, కావలిలో సాయంత్రం ఆడే షటిల్‌కి 7, 7.

అలారం వేళలు రోజూ మార్చాలి. ముందే తెలిస్తే దానికోసమే కాచుక్కూర్చుంటాం, లెక్క చెడిపోతుంది. బండి మీదున్నప్పుడు మోగితే వదిలెయ్యండి.