అమెరికాలో బార్ పరీక్ష: లా స్కూల్ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టవలసిన పనులు

అమెరికాలో న్యాయవాదిగా పనిచేయడానికి దేశమంతటికీ చెల్లే అనుమతి అంటూ ఒకటి లేదు. ఏ రాష్ట్రంలో ప్రాక్టీసు చేయదలచుకుంటే ఆ రాష్ట్రపు బార్‌లో, అంటే అనుమతి పొందిన న్యాయవాదుల వర్గంలో, ప్రవేశం పొందాలి. ఆ ప్రవేశంపై తుది అధికారం సాధారణంగా ఆ రాష్ట్రపు న్యాయస్థానాలది, పరీక్షను నిర్వహించేది బార్ పరీక్షా మండలి. చాలామంది విద్యార్థులు దీన్ని పట్టా చేతికొచ్చాక జూలైలో రాసే రెండు రోజుల పరీక్షగానే లెక్కవేసుకుంటారు. కానీ దరఖాస్తు, నడవడిక విచారణ, వృత్తి నీతి పరీక్ష, కొన్ని రాష్ట్రాల్లో ఉచిత న్యాయసేవ గంటలు, ఇవన్నీ కలిసి మూడేళ్లపాటు తయారయ్యే ఫైలు ఒకటి ఉంటుంది. ఆ ఫైలు సరిగా లేకపోతే పరీక్షలో ఎంత మంచి స్కోరు వచ్చినా ప్రమాణ స్వీకారం దాకా వెళ్లలేరు. అందుకే ఇక్కడ చదువు గురించి ఎంత చెబుతానో కాగితాల గురించి అంతకంటే కొంచెం ఎక్కువే చెబుతాను.

ముందు రాష్ట్రం, తర్వాత పుస్తకం

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఏ రాష్ట్రంలో రాయాలన్నది. ఎక్కువ రాష్ట్రాలు యూనిఫాం బార్ పరీక్షను, అంటే యూబీఈని, అనుసరిస్తున్నాయి. ఇందులో వచ్చిన స్కోరును, కాలపరిమితి దాటకుండా, యూబీఈని గుర్తించే మరో రాష్ట్రానికి బదిలీ చేసుకోవచ్చు. ప్రశ్నపత్రం ఒకటే అయినా గట్టెక్కడానికి కావలసిన స్కోరు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మొత్తం 400కు మిన్నెసోటాలో 260 చాలు, న్యూయార్క్‌లో 266 కావాలి, టెక్సాస్‌లో 270 కావాలి. కాబట్టి న్యూయార్క్‌లో రాసి 263 తెచ్చుకున్న అభ్యర్థి అక్కడ తప్పినట్టే గానీ, మిన్నెసోటా నియమాలు సరిపోతే అదే స్కోరును అక్కడ వాడుకునే దారి ఉంటుంది. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, లూసియానా వంటి రాష్ట్రాలు తమ పరీక్షను తామే రూపొందించుకున్నాయి. వాటి స్కోరు మరో రాష్ట్రానికి ఇలా సులువుగా బదిలీ కాదు. ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందో ఇంకా తెలియని విద్యార్థికి యూబీఈ రాష్ట్రమే మేలని నా అభిప్రాయం.

ప్రస్తుతం చదువుతున్నవారు పరీక్ష స్వరూపం మారుతున్న సంగతి కూడా గమనించాలి. నెక్స్ట్‌జెన్ అనే కొత్త పరీక్ష 2026 జూలైలో మేరీల్యాండ్, మిస్సోరీ, ఆరెగాన్, వాషింగ్టన్ వంటి కొన్ని రాష్ట్రాలతో మొదలవుతుంది. న్యూయార్క్, టెక్సాస్ 2028 జూలైకి దానికి మారేలా నిర్ణయించుకున్నాయి. అంటే 2025 శరదృతువులో జేడీ అనే మూడేళ్ల న్యాయ డిగ్రీ కోర్సులో చేరి న్యూయార్క్‌లో రాయబోయే విద్యార్థి పాత పద్ధతి పుస్తకాలు కొని పెట్టుకుంటే అవి అక్కరకు రావు. మీరు రాసే నెల, రాసే రాష్ట్రం రెండూ తేలాకే సామగ్రి కొనండి.

నడవడిక, యోగ్యతల విచారణ

ఈ భాగానికి చాలామంది ఇవ్వవలసినంత సమయం ఇవ్వరు. ప్రతి రాష్ట్రమూ అభ్యర్థి గత జీవితం గురించి సుదీర్ఘమైన ప్రశ్నావళి ఇస్తుంది. ఏళ్ల తరబడి ఉన్న చిరునామాలు, చేసిన ఉద్యోగాలు, చదివిన విద్యాసంస్థలు, అక్కడ ఎదుర్కొన్న క్రమశిక్షణ చర్యలు, అరెస్టులు, సివిల్ దావాలు, కట్టని అప్పులు, పన్ను బకాయిలు, ఇవన్నీ అందులో ఉంటాయి. తాత్కాలికంగా రెండు నెలలు చేసిన పని కూడా వదలకూడదు. కాలిఫోర్నియాలో ఈ విచారణకు కనీసం ఆరు నెలలు పడుతుందని ముందే అనుకోవాలి. అక్కడ రాయదలచుకున్నవారు ముందుగా లా విద్యార్థిగా నమోదు చేసుకొని, చివరి సంవత్సరం మొదట్లోనే ఈ దరఖాస్తు పంపుకోవడం మంచిది. ఫ్లోరిడాలో విద్యార్థి దశలో తొందరగా నమోదు చేసుకున్నవారికి రుసుము తగ్గుతుంది.

మొదటి సంవత్సరంలోనే ఒక నోటుపుస్తకమో కంప్యూటర్‌లో ఒక పట్టికో తెరిచి, పద్దెనిమిదేళ్లు నిండిన నాటి నుంచి ఉన్న ప్రతి చిరునామా, అక్కడ ఉన్న నెలలు, ప్రతి ఉద్యోగంలో పై అధికారి పేరు, వారిని సంప్రదించే మార్గం రాసి పెట్టుకోవాలి. ఒక కంపెనీ మూతపడిన తర్వాత, ఒక అధికారి పదవీ విరమణ చేసిన తర్వాత ఈ వివరాలు సేకరించడం ఎంత కష్టమో దరఖాస్తు నింపడానికి కూర్చున్న రోజున గాని తెలియదు. మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకొని చూడండి. ట్రాఫిక్ చలానా అయినా సరే, అది ఏ కోర్టులో ఎలా ముగిసిందో తెలిపే కాగితం దాచుకోండి.

తెలుగువారికి పేరు దగ్గర ప్రత్యేకమైన చిక్కు ఒకటి వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముందు ఉంటుంది, డిగ్రీ పట్టాలో అది పూర్తిగా ఉండవచ్చు, పాస్‌పోర్టులో వెనక్కి వెళ్లి ఉండవచ్చు, పెళ్లి తర్వాత మరో రూపం తీసుకొని ఉండవచ్చు. దరఖాస్తులో ‘మీరు వాడిన ఇతర పేర్లు’ అని అడిగిన చోట ఈ రూపాలన్నీ రాయాలి. పరీక్ష గదికి తీసుకెళ్లే గుర్తింపు కార్డు మీద ఏ రూపం ఉందో దరఖాస్తులో ప్రధానమైన పేరుగా దాన్నే ఇవ్వాలి.

దాచకపోవడం ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. కాలేజీలో జరిగిన ఒక చిన్న క్రమశిక్షణ చర్య వల్ల బార్ ప్రవేశం ఆగిపోవడం అరుదు, దాన్ని దాచినట్టు తర్వాత బయటపడితే మాత్రం విచారణ తప్పదు. చాలా చోట్ల మండలి మీ లా స్కూల్ ప్రవేశ దరఖాస్తును కూడా తెప్పించి, రెండింటిలో చెప్పినవి సరిపోలాయో లేదో చూస్తుంది. అప్పట్లో ఏదైనా రాయకుండా వదిలేసి ఉంటే, బార్ దరఖాస్తు పంపేలోగా విద్యార్థి వ్యవహారాల డీన్‌ను కలిసి లా స్కూల్ రికార్డును సరిచేయించుకోవాలి. తానుగా ముందుకొచ్చి చెప్పిన మాటకు ఉండే బరువు, అడిగితే ఒప్పుకున్న మాటకు ఉండదు.

మానసిక ఆరోగ్యం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. బార్ వాళ్లకు తెలిస్తే ప్రవేశం రాదన్న భయంతో వైద్యుడి దగ్గరకు వెళ్లకుండా ఉండిపోయే విద్యార్థులున్నారు. అది ప్రమాదకరమైన అపోహ. రోగ నిర్ధారణ గురించి అడిగే ప్రశ్నలను తొలగించాలని అమెరికన్ బార్ అసోసియేషన్ 2015లో కోరింది, న్యూయార్క్ 2020లో వాటిని తన దరఖాస్తు నుంచి తీసేసింది. చికిత్స తీసుకోవడం తన బాధ్యత తెలిసిన మనిషి చేసే పని. దాన్ని వాయిదా వేయకండి.

భారతదేశంలో ఎల్ఎల్‌బీ చేసినవారు

భారతదేశపు న్యాయ పట్టాతో వెళ్లినవారిలో ఎక్కువమంది చూసేది న్యూయార్క్ వైపు. అక్కడ విదేశీ పట్టాను చదువుకున్న కాలం, చదివిన న్యాయవ్యవస్థ అనే రెండు కొలతలతో పరిశీలిస్తారు. రెండింటిలోనూ సరిపోతే ఎల్ఎల్ఎం లేకుండానే పరీక్ష రాయనివ్వవచ్చు. ఏదో ఒకదానిలో లోటుంటే, గుర్తింపు పొందిన అమెరికన్ లా స్కూల్‌లో కనీసం 24 క్రెడిట్ల ఎల్ఎల్ఎం చేసి ఆ లోటు పూడ్చుకోవచ్చు. రెండింటిలోనూ లోటుంటే ఈ దారి మూసుకుపోతుంది. ఆ 24 క్రెడిట్లలో వృత్తి నీతి, న్యాయ పరిశోధన–రచన, అమెరికన్ న్యాయవ్యవస్థ పరిచయం తప్పనిసరిగా రెండేసి క్రెడిట్లు ఉండాలి, పరీక్షలో అడిగే విషయాల నుంచి కనీసం ఆరు ఉండాలి. ఎల్ఎల్ఎం పట్టా వచ్చినంత మాత్రాన అర్హత వచ్చినట్టు కాదు కాబట్టి, కోర్సులు ఎంచుకునే వారంలోనే ఈ లెక్క సరిచూసుకోవాలి.

పట్టా పరిశీలన కోసం పంపే మార్కుల జాబితాలు విశ్వవిద్యాలయం నుంచి నేరుగా మండలికి చేరాలి, విద్యార్థి చేతి మీదుగా వెళ్లినవి చెల్లవు. మన విశ్వవిద్యాలయాల్లో సీల్ చేసిన కవరు తెప్పించుకోవడానికి నెలలు పట్టవచ్చు, మధ్యలో ఎవరైనా వెళ్లి కనుక్కోవలసి రావచ్చు. అందుకని ఎల్ఎల్ఎం తరగతులు మొదలవకముందే ఈ పని ప్రారంభించడం క్షేమం. పౌరసత్వం లేదన్న కారణంతో బార్ ప్రవేశాన్ని నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1973లో గ్రిఫిత్స్ కేసులో తేల్చింది, కాబట్టి పౌరసత్వం లేదని వెనకాడనక్కర్లేదు.

న్యూయార్క్ 50 గంటల ఉచిత న్యాయసేవను కూడా అడుగుతుంది. అది న్యాయ సంబంధమైన పని కావాలి, తగిన పర్యవేక్షణలో జరగాలి. పని ముగిసిన రోజునే పర్యవేక్షకుల సంతకంతో ధ్రువపత్రం తీసుకోండి. రెండేళ్ల తర్వాత వారిని వెతుక్కునే అవసరం రాకూడదు.

గడువులు, వృత్తి నీతి పరీక్ష

బార్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి, జూలై నెలల చివరి వారంలో జరుగుతుంది. జూలై పరీక్షకు దరఖాస్తు గడువు చాలా రాష్ట్రాల్లో పట్టా రాకముందే ముగిసిపోతుంది. కొన్ని రాష్ట్రాలు ఆలస్య రుసుముతో తీసుకుంటాయి, కొన్ని ఒక్క రోజు దాటినా తీసుకోవు. వైకల్యం వల్లనో అనారోగ్యం వల్లనో అదనపు సమయం వంటి సౌకర్యాలు కోరేవారు వైద్య పత్రాలు సమకూర్చుకోవడానికి ఇంకా ముందు నుంచే సిద్ధపడాలి.

వృత్తి నీతి పరీక్ష, అంటే ఎంపీఆర్ఈ, దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ విడిగా రాయాలి. మార్చి, ఆగస్టు, నవంబరు నెలల్లో జరుగుతుంది, రెండు గంటల్లో 60 ప్రశ్నలు. న్యూయార్క్‌కు 85, కాలిఫోర్నియాకు 86 కావాలి. లా స్కూల్‌లో వృత్తి నీతి కోర్సు పూర్తయిన వెంటనే, పాఠం మనసులో తాజాగా ఉండగానే రాసేయడం ఉత్తమం.

చదువు

ఇప్పుడున్న యూబీఈలో మూడు భాగాలున్నాయి. ఎంబీఈలో 200 బహుళైచ్ఛిక ప్రశ్నలు, దాని వాటా సగం. ఎంఈఈలో అరగంటకొకటి చొప్పున ఆరు వ్యాసాలు, వాటా 30 శాతం. ఎంపీటీలో న్యాయవాది చేసే రాతపనిలాంటి అభ్యాసాలు గంటన్నర చొప్పున రెండు, వాటా 20 శాతం. ఎంబీఈలో తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. 25 ప్రశ్నలకు అసలు మార్కులే ఉండవు, అవేవో మనకు తెలియదు. కాబట్టి వింతగా కనిపించిన ప్రశ్న దగ్గర ఆగి దిగులుపడకుండా ముందుకు సాగాలి. ఒక్కో ప్రశ్నకు దొరికేది రెండు నిమిషాల లోపే. ఇంగ్లిషును రెండో భాషగా నేర్చుకున్నవారికి ఇక్కడ చట్టం తెలియడం ఎంత ముఖ్యమో చదివే వేగం అంత ముఖ్యం, అది గడియారం పెట్టుకొని సాధన చేస్తేనే పెరుగుతుంది.

పట్టా వచ్చాక మిగిలే సుమారు పది వారాలను ఉద్యోగంలా భావించి చదవాలి. శిక్షణ సంస్థల వీడియో పాఠాలు చూస్తూ కూర్చుంటే చదివినట్టే అనిపిస్తుంది గానీ, ఆ పాఠాలు వినడంతో జవాబు రాయడం రాదు. రెండో వారం నుంచే రోజూ ప్రశ్నలు చేయాలి, తప్పిన ప్రతి ప్రశ్నకూ కారణం రాసుకోవాలి: సూత్రం తెలియలేదా, తెలిసినా వాస్తవాలు సరిగా చదవలేదా, తొందరపడ్డామా. ఈ మూడింటికీ మందులు వేరు. సూత్రం తెలియనివాడు పుస్తకం తెరవాలి, వాస్తవాలు దాటేసినవాడు ముందు ప్రశ్న చదివి తర్వాత కథనం చదివే అలవాటు చేసుకోవాలి. వ్యాసాలను మనసులో అనుకొని వదిలేయకుండా పూర్తిగా రాసి, పరీక్షా మండళ్లు విడుదల చేసిన పాత జవాబులతో పోల్చుకోవాలి. ఎంపీటీలో చట్టం ముందుగా తెలియనక్కర్లేదు, కావలసిన కేసులూ చట్టాలూ ప్రశ్నతోపాటే ఇస్తారు. ఆ కారణంగానే చాలామంది దాన్ని పక్కన పెడతారు, అది అయిదో వంతు మార్కులను నిర్లక్ష్యం చేయడం. వారానికి ఒకటి, పూర్తి గంటన్నర కూర్చొని రాయండి.

మన దగ్గర న్యాయశాస్త్రం చదివినవారు మరో విషయంలో జాగ్రత్తపడాలి. పదాలు ఒకటే అయినా సూత్రాలు వేరు. పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారం భారతదేశంలో సాక్ష్యంగా చెల్లదు. అమెరికాలో అది స్వచ్ఛందంగా ఇచ్చినదై, 1966 నాటి మిరాండా తీర్పు చెప్పిన హెచ్చరికలు (మౌనంగా ఉండే హక్కు, న్యాయవాదిని పెట్టుకునే హక్కు వంటివి) అవసరమైన చోట ఇచ్చి ఉంటే చెల్లుతుంది. కాంట్రాక్టుల్లో గతంలో చేసిన పనిని మన చట్టం కొన్ని సందర్భాల్లో ప్రతిఫలంగా ఒప్పుకుంటుంది, అక్కడి సాధారణ సూత్రం ఒప్పుకోదు. ఇలాంటి జంటలను ఒక జాబితాగా రాసుకొని, పరీక్షకు ముందు రోజు మరొక్కసారి చూసుకోవాలి. బాగా తెలుసన్న నమ్మకంతో పెట్టే జవాబులే ఇక్కడ ఎక్కువగా తప్పుతాయి.

లాప్‌టాప్‌లో రాసేవారు మండలి సూచించిన సాఫ్ట్‌వేర్‌ను గడువులోగా ఎక్కించుకొని నమూనా పరీక్ష ఒకటి పూర్తి చేయాలి. గదిలోకి ఏవి తీసుకెళ్లవచ్చో నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి, వాటిని ముందుగానే చదివి పెట్టుకోండి.

ఫలితాల తర్వాత

న్యూయార్క్‌లో యూబీఈ స్కోరుతోపాటు అక్కడి చట్టాలపై ఆన్‌లైన్ కోర్సు, పుస్తకం చూసి రాసే 50 ప్రశ్నల పరీక్ష కూడా ఉంటాయి. అందులో 30 సరిగా రాయాలి. ఆ తర్వాత ప్రవేశ దరఖాస్తును, ఉద్యోగ ధ్రువపత్రాలతో, నైతిక ప్రవర్తనపై పరిచయస్తుల ప్రమాణ పత్రాలతో కలిపి అప్పిలేట్ డివిజన్ అనే అక్కడి కోర్టుకు సమర్పించాలి.

పరీక్ష తప్పినవారు ముందు చూడవలసింది తమ స్కోరు మరో యూబీఈ రాష్ట్రంలో సరిపోతుందేమో, ఆ రాష్ట్రపు ఇతర అర్హతలు తమకున్నాయేమో అన్నది. అది కుదరకపోతే మళ్లీ రాసేవారికిచ్చే గడువు ఎప్పుడో వెంటనే తెలుసుకోవాలి, ఫలితాలకూ తర్వాతి దరఖాస్తుకూ మధ్య ఉండే వ్యవధి తక్కువ. నివేదికలో భాగాలవారీగా వచ్చిన స్కోర్లను చూసి, ఎంబీఈ తక్కువైందా రాతపని తక్కువైందా తేల్చుకొని, రెండోసారి సమయాన్ని ఆ వైపే ఎక్కువగా కేటాయించాలి.