స్వాట్ 4 కొత్తగా ఆడేవాళ్లకు: ముందు అరుపు, తర్వాతే తుపాకీ

తుపాకీ పట్టుకుని నడిచే ఆట ఏదైనా సరే, చెయ్యి అలవాటుగా ట్రిగ్గర్ మీదికే పోతుంది. స్వాట్ 4 అనే ఈ కంప్యూటర్ ఆటలో ఆ అలవాటు వదలకపోతే మొదటి మిషన్ కూడా గట్టెక్కడం కష్టం. ఇందులో మీరు సైనికుడు కాదు, పోలీసు. ఎదుటివాడు ఎంత దుర్మార్గుడైనా వాణ్ని ప్రాణాలతో పట్టుకుని, చేతులు కట్టి, పైవాళ్లకు అప్పగించడమే మీ డ్యూటీ. నాకీ ఆట ఇంత ఇష్టం కావడానికి కారణం కూడా అదే.

ఇర్రేషనల్ గేమ్స్ వాళ్లు 2005లో తెచ్చిన ఆట ఇది. పాతది కావడం మనకు లాభమే. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. మరుసటి ఏడాది వచ్చిన అదనపు మిషన్లతో కలిపి గోల్డ్ ఎడిషన్‌గా జీఓజీ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో అమ్ముతున్నారు, అదే కొనుక్కోండి. రక్తం, భయపెట్టే దృశ్యాలు ఉన్నాయి కాబట్టి 17 ఏళ్లు నిండినవాళ్లకే అని రేటింగ్ ఇచ్చారు. ఇంట్లో చిన్నపిల్లలు పక్కన చేరితే ఆట ఆపేయండి.

బ్రాడీపేటలో మా పై పోర్షన్‌లో ఇంజనీరింగ్ కుర్రాళ్లు అద్దెకుంటారు. వాళ్లకు నేర్పినప్పుడు ఒకడు అడిగాడు: "అందర్నీ లేపేశాను అక్కా, మావాళ్లలో ఒక్కడికీ దెబ్బ తగల్లేదు. అయినా ఫెయిల్ అంటోందేంటి?" అందర్నీ లేపేశావు కాబట్టే నాన్నా, అన్నాను. మిషన్ అయ్యాక 100కి మార్కులు వేస్తారు. ఆట ఎంత కష్టంగా ఉండాలో ముందే ఎంచుకుంటాం, దాన్నిబట్టి పాస్ మార్కు మారుతుంది. ఈజీలో ఎన్ని వచ్చినా పాసే. నార్మల్‌లో 50, హార్డ్‌లో 75, ఎలీట్‌లో 95 రావాలి. తుపాకీ గురిపెట్టనివాణ్ని కాల్చి చంపితే మార్కులు పోతాయి. వాడి చేతిలో ఆయుధం ఉన్నా సరే, మీ మీదికో బందీ మీదికో ఎక్కుపెట్టేదాకా కాల్చే హక్కు మీకు లేదు. పారిపోయేవాడి వీపు మీద కాల్చడం అసలే కుదరదు.

మరి ఏం చెయ్యాలి? అరవాలి. లొంగిపొమ్మని అరవడానికి ప్రత్యేకంగా ఒక కీ ఉంటుంది. ఆట మొదలుపెట్టే ముందే కంట్రోల్స్‌లో అదేదో చూసుకుని వేలికి అలవాటు చేసుకోండి. మనిషి కనిపించగానే ముందు ఆ కీ నొక్కాలి. కొందరు వెంటనే ఆయుధం పడేస్తారు, కొందరు తటపటాయిస్తారు, కొందరు పరుగు తీస్తారు. మాట వినకుండా కాల్చేవాళ్లూ ఉంటారు. అందుకే గోడ చాటున నిలబడి అరవండి, గురి మాత్రం తప్పించకండి. తటపటాయించేవాడి మీద పెప్పర్ స్ప్రే, కరెంటు షాక్ కొట్టే టేజర్, చంపకుండా దెబ్బ మాత్రమే కొట్టే బీన్‌బ్యాగ్ షాట్‌గన్ లాంటివి బాగా పనిచేస్తాయి. వాడు మోకాళ్ల మీద కూర్చున్నాక ఆలస్యం చేయకుండా చేతులు కట్టేయండి, కింద పడిన ఆయుధం తీసుకోండి, రేడియోలో రిపోర్ట్ చెయ్యండి. కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఈ రిపోర్టే, దానికీ మార్కులున్నాయి. బందీలను కూడా కట్టాల్సిందే. ఎవరు ఎవరో తేలేదాకా అందరికీ అదే నియమం. భయంతో మాట విననివాళ్లు వాళ్లలోనూ ఉంటారు, ఓపిక పట్టండి.

ఇక తలుపులు. ఈ ఆటలో సగం చావులు తలుపు దగ్గరే. మూసి ఉన్న తలుపును చూసీ చూడగానే తెరవకండి. ఆప్టివాండ్ అని, చివర చిన్న కెమెరా ఉన్న కడ్డీ ఉంటుంది. దాన్ని తలుపు కింది సందులోంచి పెడితే లోపల ఎవరున్నారో, ఎటు తిరిగి ఉన్నారో కనిపిస్తుంది. చూశాకే ఎలా వెళ్లాలో తేల్చుకోండి. లోపలివాడు అటు తిరిగి ఉంటే మెల్లగా తెరిచి అరిస్తే చాలు. ఇద్దరు ముగ్గురు తలుపు వైపే చూస్తుంటే మీ టీమ్‌తో ఫ్లాష్‌బ్యాంగ్ (పెద్ద వెలుగు, శబ్దంతో కాసేపు దిమ్మతిరిగేలా చేసే గ్రెనేడ్) వేయించాలి. తలుపు పేల్చే సీ2 కూడా ఉంది కానీ, తలుపును ఆనుకుని బందీ ఉంటే ప్రమాదం. కాబట్టి కెమెరాతో చూడకుండా దాన్ని అంటించకండి.

మా వీధిలో పాత ఇళ్లకు ఉన్నట్టే ఈ ఆటలో చాలా గదులకు రెండేసి తలుపులుంటాయి. మీరు వీధి వైపు తలుపు దగ్గర తంటాలు పడుతుంటే, లోపలివాడు పెరటి వైపు నుంచి జారుకుని మీ వెనక తేలతాడు. దీనికి మందు వెడ్జ్. తలుపు కింద దూర్చే చెక్క ముక్కలాంటిది. మీరు వెళ్లని వైపు తలుపుకు దాన్ని బిగిస్తే అటునుంచి ఎవరూ రాలేరు. ప్రతి మిషన్‌కీ ఒకటి రెండైనా వెంట పెట్టుకోండి. ఫ్లాష్‌బ్యాంగ్ ఒకటి తగ్గించుకున్నా పర్లేదు, వెడ్జ్ మాత్రం వదలకండి.

మీ కింద నలుగురు ఆఫీసర్లు ఉంటారు, ఇద్దరు రెడ్ టీమ్, ఇద్దరు బ్లూ టీమ్. గది లోపలికి ముందు మీరు దూరకండి. రెడ్ టీమ్‌ను తలుపు దగ్గర నిలబెట్టి, బ్లూ టీమ్‌ను వెనక వైపు కాపలా పెట్టి, తర్వాత రెడ్‌ను పంపండి. వాళ్ల హెల్మెట్ కెమెరాలో చూస్తూ అక్కడినుంచే ఆర్డర్ ఇవ్వొచ్చు కూడా. వాళ్లు అరుపులు, కట్లు అన్నీ చక్కగా చూసుకుంటారు. ఫ్లాష్‌బ్యాంగ్ వేయించే ఆర్డర్ ఇచ్చినప్పుడు మీరు తలుపుకు ఎదురుగా ఉండొద్దు, మీ కళ్లూ బైర్లు కమ్ముతాయి. కళ్లు మండించే సీఎస్ గ్యాస్ వాడాలనుకుంటే ముందే గ్యాస్ మాస్క్‌లు తగిలించాలి.

తుపాకుల గురించి కుర్రాళ్లు గంటల తరబడి వాదించుకుంటారు. నా దృష్టిలో మొదట్లో అది పెద్ద విషయం కాదు. మీరు బీన్‌బ్యాగ్ షాట్‌గన్ తీసుకుని, మీవాళ్లకు మామూలు తుపాకులు ఇవ్వండి. గోడ అవతల బందీలు ఉండొచ్చు కాబట్టి, దూసుకుపోయే ఎఫ్ఎమ్‌జే రకం గుళ్ల బదులు, అంతగా దూసుకుపోని జేహెచ్‌పీ రకం మేలు. కవచాలు తొడుక్కున్న ముఠాలు ఎదురయ్యే మిషన్లలో అప్పుడు మార్చుకోవచ్చు.

మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. పైగా మళ్లీ మొదలుపెడితే మనుషులు కొత్త చోట్లలో ఉంటారు, బట్టీ పట్టి ఆడలేరు. అందుకే ట్రైనింగ్ పూర్తయ్యాక రెండో మిషన్ ఫెయిర్‌ఫ్యాక్స్ ఇంటినే మళ్లీ మళ్లీ ఆడమంటాను. ఇల్లు చిన్నది, గదులు దగ్గర దగ్గరగా ఉంటాయి, కింద బేస్‌మెంట్ ఉంది. తలుపుల దగ్గర నేర్చుకోవాల్సిందంతా అక్కడ దొరుకుతుంది. ఈజీలోనే 95 దాకా తెచ్చుకుని అప్పుడు నార్మల్‌కు వెళ్లండి.

ఐదుగురు దొరికితే ఒకే వైఫై మీద కో-ఆప్, అంటే అందరూ ఒకే జట్టుగా, ఆడండి. మావాళ్లకు నేను పెట్టిన నియమాలు రెండే. లీడర్ ఒక్కడే ఉండాలి, మిషన్ మధ్యలో మారకూడదు. ఒకడు తలుపు దగ్గర కెమెరా పెట్టినప్పుడు వాడు చూసింది చెప్పేదాకా మిగతా నలుగురూ తలుపు ముట్టకూడదు, వాడి ముందుకి అడ్డం రాకూడదు. మనవాళ్ల గుండు మనకే తగిలే ఆట ఇది.