కమర్షియల్ రియల్ ఎస్టేట్‌లో మహిళలు లీడర్లుగా ఎదగడం ఎలా?

ఆఫీసులు, షాపుల్లాంటి భవనాల అద్దెలు, అమ్మకాలు చూసే ఈ రంగంలోకి వచ్చే అమ్మాయిలకు మొదటి రోజు నుంచే సలహాలు కుప్పలుగా పడతాయి. పరిచయాలు పెంచుకో, ధైర్యంగా మాట్లాడు, ఓపిక పట్టు. ఆ ఓపిక పట్టినవాళ్లు ఏళ్లు గడిచినా వేరేవాళ్ల డీల్‌కి ప్రజెంటేషన్లు తయారు చేస్తూనే కనిపిస్తారు. ఇక్కడ ప్రమోషన్ వచ్చేది మీ పేరు మీద ఎంత ఆదాయం నమోదైందనే దాన్ని బట్టి. మిగతావన్నీ దాని తర్వాతే.

1. సామాన్లు

లేజర్ మీటర్, స్ప్రెడ్‌షీట్, చదునైన బూట్లు. సగం కట్టిన భవనంలోకి హీల్స్‌తో రాకూడదు, అంతే. నోట్స్ కాగితం మీదే రాయాలి. ఫోన్‌లో టైప్ చేస్తుంటే క్లయింట్‌కి మీరు చాటింగ్‌లో ఉన్నట్టే అనిపిస్తుంది.

2. లెక్కలు

ఒక భవనానికి ఏడాదికి అద్దెలు 100 వచ్చి, నిర్వహణకి, పన్నులకి, ఇన్సూరెన్స్‌కి 28 పోతే మిగిలేది 72. అప్పు మీద వడ్డీని ఈ ఖర్చుల్లో కలపకూడదు. భవనం విలువలో ఈ మిగులు ఎంత శాతమో అదే క్యాప్ రేటు. అది 8 శాతం అయితే భవనం విలువ 900. అదే 9 శాతానికి పెరిగితే 800. ఒక్క ఇటుక కూడా కదల్లేదు, విలువలో తొమ్మిదో వంతు ఎగిరిపోయింది. అలాగే 5 ఏళ్ల లీజులో మొదటి 6 నెలలు అద్దె వదిలేస్తే, నెలకి 100 అని చెప్పుకునే అద్దె అసలు 90 మాత్రమే. ఇవి మీటింగ్‌లో నోటితో చెప్పగలగాలి.

సర్టిఫికెట్లు చదవండి, కానీ డీల్స్ చేస్తూ చదవండి. కమర్షియల్ ప్రాపర్టీ నిపుణులకి ఇచ్చే సీసీఐఎం గుర్తింపుకైనా కోర్సులతో పాటు చేసిన పని వివరాలు చూపించాల్సిందే.

3. ఏ టీమ్‌లో ఉండాలి?

లీజింగ్, కొనుగోలు-అమ్మకాలు, అసెట్ మేనేజ్‌మెంట్ (యజమాని తరఫున భవనం రాబడి, విలువ పెంచే పని). మార్కెటింగ్‌లోనో రీసెర్చ్‌లోనో చేరితే బయటికి వచ్చే తేదీ ముందే పెట్టుకోండి. భవనాన్ని రోజూ నడిపే ప్రాపర్టీ మేనేజ్‌మెంట్‌లో ఉన్నవాళ్లకి అసెట్ మేనేజ్‌మెంట్ దగ్గరి దారి. భవనం ఖర్చులు వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

4. డీల్ మీద మీ పేరు

అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ఆఫీసు లీజు అంటే నెలల పని, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. స్థలాలు చూపించేది, ఆప్షన్లు పక్కపక్కన పెట్టి పట్టిక వేసేది, సీట్లు సరిపోతాయో లేదో ఆర్కిటెక్ట్‌తో తేల్చేది, లాయర్ పంపిన డ్రాఫ్ట్‌లో లాకిన్ (మధ్యలో ఖాళీ చేయకూడని కాలం), అద్దె పెంపు, మెయింటెనెన్స్ ఛార్జీల క్లాజులు పట్టుకునేది మీరే. ఇన్‌వాయిస్ వేసే రోజు సిస్టమ్‌లో డీల్ లీడ్ అని మీ సీనియర్ పేరు ఉంటుంది. ఆయన దుర్మార్గుడేం కాకపోవచ్చు. ఎవరూ అడగలేదు, అలా పడిపోయింది.

సంతకాలయ్యాక అడగడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కమీషన్ ఎంతో తేలాక అందులో వాటా అంటే ఎవరికైనా ప్రాణం విలవిల్లాడుతుంది. క్లయింట్ మనకి పని అప్పగించిన రోజే అడగాలి. ఆ రోజుకి అది వస్తుందో రాదో తెలియని డబ్బు, కాబట్టి ఒప్పుకోవడం తేలిక.

ముందు ఎదురుగా మాట్లాడండి. ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి: "ఈ రోజు అనుకున్నట్టు ఈ డీల్‌కి లీడ్ నేను. భవనం యజమానితో బేరం మీరు చూస్తారు. కమీషన్‌లో వాటా నాకు 60, మీకు 40. రెన్యువల్ వచ్చినా, క్లయింట్ ఇంకో అంతస్తు తీసుకున్నా ఇదే లెక్క." చివర "తప్పుగా అనుకోకండి" అని రాయకూడదు. రాస్తే అక్కడ ఏదో తప్పు ఉందని మీరే చెప్పినట్టు. రెన్యువల్ మాట మాత్రం మరిచిపోవద్దు. మొదటి లీజుకి కష్టమంతా మీదై, కొన్నేళ్లకి వచ్చే సులువైన డబ్బు వేరేవాళ్లకి పోయేది ఆ ఒక్క వాక్యం లేకనే.

సెలవు మీద వెళ్లేటప్పుడు, ముఖ్యంగా ప్రసూతి సెలవుకి, ఇంకా జాగ్రత్త. చాలాచోట్ల కమీషన్ సగం సంతకాలప్పుడు, మిగతా సగం టెనెంట్ లోపలికి వచ్చాకో అద్దె మొదలయ్యాకో వస్తుంది. ఆ రెండో సగం మీరు ఇంట్లో ఉన్నప్పుడే రావచ్చు. వెళ్లే ముందు నడుస్తున్న ప్రతి డీల్ ఎక్కడిదాకా వచ్చింది, నేను లేనప్పుడు ముగిస్తే నా వాటా ఎంత అని రాసి, పైవాళ్లతో సరే అనిపించుకోండి. మీ స్థానంలో చూసే మనిషిని క్లయింట్‌కి మీరే పరిచయం చేయండి, తిరిగి వచ్చే నెల కూడా చెప్పండి. "తను ఇప్పట్లో రాదులెండి" అని ఎవరూ అనే పని ఉండదు.

"మనలో మనకి లెక్కలేంటి" అంటే నవ్వి ఊరుకోకండి. సరే, అయితే ఒక చిన్న డీల్ పూర్తిగా నాకు ఇవ్వండి అనండి. అదీ ఇవ్వకపోతే టీమ్ మారాలి. రెండోసారి అడగను, అడగనివ్వను.

ముందు నెట్‌వర్కింగ్, డీల్స్ తర్వాత అనేవాళ్లతో నాకు కుదరదు. చేతిలో చెప్పుకోడానికి డీల్ లేని మనిషి ఎన్ని విందులకి వెళ్లినా విజిటింగ్ కార్డులే మిగులుతాయి.

5. మీ గురించి మాట్లాడేవాళ్లు

చేతిలో డీల్ ఉంది కదా, నెట్‌వర్కింగ్‌కి ఇప్పుడు వెళ్లండి. 1989లో మొదలైన క్రూ నెట్‌వర్క్ ఈ రంగంలోని మహిళల కోసమే ఉన్న సంస్థ. అక్కడ పెట్టుబడిదారులు, బ్యాంకర్లు, లాయర్లు, ఆర్కిటెక్టులు ఒకేచోట దొరుకుతారు. మీ కంపెనీ లోపల మాత్రం మీరు లేని గదిలో మీ పేరు ఎత్తే పెద్దమనిషి ఒకరు చాలు. వాళ్లకి పొగడ్తలు పనికిరావు, మూడు నెలలకోసారి మీ డీల్స్ పట్టిక ఒక పేజీలో ఇవ్వండి.

6. పదవి ఇస్తామన్నప్పుడు

కార్డు మీద హెడ్ అని వేస్తే సరిపోదు. మనుషుల్ని తీసుకునే అధికారం ఉందా, ఎంత ఖర్చు వరకు సొంతంగా సంతకం పెట్టవచ్చు, టీమ్ లాభనష్టాల లెక్క ఎవరి పేరు మీద ఉంటుంది అని అడగండి. ఇప్పుడు కాదంటే ఎప్పటినుంచో తేదీ వేయించి, ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి.