ఎండలు ముదరకముందే ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఏం చూసుకోవాలి

మార్చి సగానికే వరంగల్‌లో మధ్యాహ్నం గడప దాటబుద్ధి కాదు, ఇక రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో 45 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు కూడా. ఇంట్లో డెబ్బై దాటిన బాపో అవ్వో ఉంటే రోహిణి కార్తె దాకా ఆగొద్దు, ఇప్పుడే కొన్ని పనులు చేసుకోండి.

"దాహమైతే వాళ్లే అడుగుతారు కదా" అనుకుంటాం చూడండి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడమే తగ్గుతుంది, ఒంట్లో నీరు తగ్గినా నోరు ఎండినట్టు అనిపించదు. మూత్రాన్ని చిక్కబరిచి నీటిని మిగుల్చుకునే పని కిడ్నీలు మునుపటిలా చేయలేవు, చెమట కూడా తక్కువ పోస్తుంది కాబట్టి ఒళ్లు చల్లబడదు. కణాల లోపలా ఇదే వరస. వేడి తగలగానే ప్రోటీన్లు పాడవకుండా కాపాడుకునే ఏర్పాటు ఒకటి ప్రతి కణంలో ఉంటుంది, 1962లో రిటోసా అనే ఇటలీ శాస్త్రవేత్త పండ్ల ఈగల్లో దీన్ని మొదట గమనించాడు. ముసలి కణాల్లో అది మందగిస్తుంది. అందుకే అదే ఎండ మనవణ్ణి ఏమీ చేయదు, తాతను పడేస్తుంది. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో వడగాలులకు దాదాపు 15 వేల మంది పోతే వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లే.

ముసలితనం ఎందుకొస్తుందనే దానికి సిద్ధాంతాలు బోలెడు. మనిషి కణం దాదాపు యాభై సార్లు రెండుగా విడిపోయాక ఇక విడిపోవడం ఆగిపోతుందని 1961లో హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త చూపించాడు, ఒంట్లోనే తయారయ్యే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు కణాలను దెబ్బతీయడం వల్లేనని 1956లో హార్మన్ అనే ఇంకో శాస్త్రవేత్త అన్నాడు. ఈ రెండో మాట పట్టుకునే, ఫ్రీ రాడికల్స్‌ను అణుస్తాయంటూ యాంటీఆక్సిడెంట్ గోలీలు అమ్ముతున్నారు. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకు అలాంటిదే బీటా కెరోటిన్ అనే గోలీ ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది. ఆ డబ్బులతో కూలర్ గడ్డి మార్పించండి, ఒక థర్మామీటర్ కొనండి, నా మాట వినండి.

పెద్దవాళ్లకు దాహం సరిగా తెలియదు కాబట్టి అడగకపోయినా గంట గంటకూ అర గ్లాసు నీళ్లో పల్చటి మజ్జిగో అంబలో చేతికివ్వండి. కానీ గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు డాక్టర్ నీళ్లకు లెక్క పెట్టి ఉంటారు, ఎండాకాలం ఆ లెక్క ఎంతో ముందే అడిగి రాసుకోండి. ఓఆర్ఎస్ విరేచనాలకో బాగా నీరసించినప్పుడో మంచిది, బీపీ ఉన్నవాళ్లకు ఊరికే రోజూ పట్టొద్దు, అందులో ఉప్పుంటుంది.

ఇంకో సంగతి మనం పెద్దగా మాట్లాడుకోం. చాలామంది అవ్వలు కావాలనే నీళ్లు తాగరు. బాత్రూం వాకిట్లో ఆ చివర ఉంటుంది, మోకాళ్లు నొప్పి, రాత్రి లేవాలంటే కోడలిని లేపాలి, అదో మొహమాటం. "తాగు, తాగు" అని ఎన్నిసార్లన్నా లాభం ఉండదు, మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టి దారిలో లైటు వేస్తే వాళ్లంతట వాళ్లే తాగుతారు. చీకట్లో కాలు జారి తుంటి ఎముక విరిగే గొడవా తప్పుతుంది.

తర్వాత మందుల సంచి. ఎండాకాలం బీపీ ఎలాగూ కొంత తగ్గుతుంది, చలికాలం రాసిన డోసే వేసుకుంటే లేవగానే కళ్లు తిరగొచ్చు. బీపీ మాత్ర, మూత్రం ఎక్కువ పోయేలా చేసే లాసిక్స్ లాంటి మాత్ర, వాటిమీద మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ సూది, ఈ మూడూ కలిసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీని దెబ్బతీస్తాయి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పుల సూది వేయించుకునే అలవాటుంటే ఈ మూడు నెలలైనా మాన్పించండి. మిగతా మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, సంచి మొత్తం పట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.

కూలర్ పెట్టి తలుపులన్నీ మూస్తే గది ఉక్కపోస్తుంది, చెమట ఆరదు, ఎదురుగా కిటికీ తెరిచి ఉంచాలి. రేకుల ఇంట్లో పగలంతా ఉంచకండి, పక్కింటి స్లాబు కిందో వేప చెట్టు నీడకో తీసుకెళ్లండి. పెన్షన్ పని పొద్దున్నే ముగించాలి, వడ్లు కొనే సెంటర్‌లో కుప్ప దగ్గర కాపలాకు తాతను కూర్చోబెట్టే పని అసలే వద్దు, కుర్రాళ్లు వెళ్లండి.

ఇన్ని చేసినా మాట తడబడి, మనుషుల్ని గుర్తుపట్టక, ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బే అనుకోండి, ముఖ్యంగా థర్మామీటర్ 104 చూపిస్తే. ముసలివాళ్లకు చర్మం పొడిగా కూడా ఉండొచ్చు, చెమటతో తడిసి కూడా ఉండొచ్చు, దాన్ని బట్టి నిర్ణయించకండి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు చల్లుతూ ఫ్యాను గట్టిగా పెట్టండి, మెడ కింద, చంకల్లో చల్లటి గుడ్డలు పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో చుక్క కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతి ఒక పక్కకు పోయినా, ఒక చేయి లేవకపోయినా అది పక్షవాతం కావచ్చు, ఏ టైంకు మొదలైందో 108 వాళ్లకు చెప్పండి.