బయటి దేశంలో ఫోటో క్లబ్బుకు వెళ్లే మన తిరుపతి పిల్లలకు

ఈ ఏడాది మన చంద్రగిరి ఆదివారం ఫోటో బ్యాచ్ నుంచి ముగ్గురు పైచదువులకని విమానం ఎక్కారు. ఇద్దరు ఇంగ్లండుకు, ఒకరు జర్మనీకి. మూడు వారాలైనా కాకముందే అందులో ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, ఇక్కడ ఫోటో క్లబ్బులో చేరినా. నా ఫోటో తెర మీద వేసినారు. పెద్దాయన ఒకాయన చూసి 'ఇంట్రెస్టింగ్' అని ఇంకో ఫోటోకి పోయినాడు. అంటే బాగుండాదనా, బాగలేదనా?"

నేను 2011లో వెళ్లి 2019లో తిరిగొచ్చాను. ఆ ఎనిమిదేళ్లలో ఆరేళ్లు ఇంగ్లండులో ఒక చిన్న ఊరి ఫోటో క్లబ్బులో సభ్యుణ్ణి. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే నా మొదటి చలికాలమంతా బుర్రలో తిరిగింది. చెప్పేవాళ్లు లేక నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను. మీకు అలా జరగకూడదని ఇది రాస్తున్నాను. నాకు బాగా తెలిసింది ఇంగ్లండు పద్ధతే కాబట్టి, వేరే దేశాలకు వెళ్లినవాళ్లు అక్కడికి తగ్గట్టు సర్దుకోండి.

ముందు క్లబ్బు వెతుక్కోండి

యూనివర్సిటీలో స్టూడెంట్ సొసైటీ ఉంటే చేరండి, మంచిదే. కానీ నా మాట వింటే ఊరి క్లబ్బుకు కూడా ఒకసారి వెళ్లి చూడండి. ఇంగ్లండులో చిన్న చిన్న పట్టణాల్లో కూడా ఇవి కనిపిస్తాయి. నలుగురూ కూడి ఫోటోల గురించి మాట్లాడుకోవడం వాళ్లకు చాలా పాత అలవాటు. రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1853లోనే పుట్టింది. క్లబ్బుల సీజన్ సాధారణంగా సెప్టెంబరులో మొదలై ఏప్రిల్, మే దాకా నడుస్తుంది. అంటే మీరు అక్కడ దిగే నెలే. వారానికి ఒక సాయంత్రం, చర్చి హాల్లోనో కమ్యూనిటీ సెంటర్లోనో రెండు గంటలు కూర్చుంటారు. ఎక్కువ మంది రిటైరైనవాళ్లే ఉంటారు, మీ వయసువాళ్లు కనపడలేదని వెనక్కి రావద్దు. డిసెంబరులో అక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది. గదిలో ఒక్కరే కూర్చుని, ఇంటికి వీడియో కాల్ చేసి, అమ్మ ముఖం చూసి గొంతు పట్టేసే రోజులవి. అలాంటప్పుడు వారానికొక సాయంత్రం పేరు పెట్టి పలకరించే ఇరవై మంది ఉంటే ఎంత ధైర్యమో, అక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

పోటీ రోజున బయటి ఊరి నుంచి జడ్జి వస్తారు. ఫోటో ఎవరిదో ఆయనకు తెలియదు. పేరు చెప్పరు, టైటిల్ మాత్రం చదువుతారు. ఒక్కో ఫోటో మీద నిమిషమో, అంతకంటే తక్కువో మాట్లాడి మార్కులు వేస్తారు. చాలా క్లబ్బుల్లో ఇరవైకి. ఇది కాక కొన్నిచోట్ల మార్కులు లేని సాయంత్రాలు ఉంటాయి. తలా రెండు మూడు ఫోటోలు తెచ్చి అందరూ మాట్లాడుకుంటారు. మీరు మొదట వెళ్లాల్సింది దానికి. మార్కుల రోజున మొదటిసారి ఫోటో పెట్టకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

వాళ్ల మాటలు

మన దగ్గర 'సూపర్ అన్నా' అన్నామంటే దాని బరువెంతో ఇద్దరికీ తెలుసు. వాళ్ల మాటల బరువు మనకు తెలియదు. 'నాట్ బ్యాడ్' అంటే ఇంగ్లండులో మెచ్చుకోలు. 'క్వైట్ గుడ్' అంటే చాలాసార్లు 'పర్లేదు' అనే. 'ఇంట్రెస్టింగ్' అని ఆగిపోతే చాలాసార్లు ఆయనకు ఏం చెప్పాలో తోచలేదని అర్థం, బాగాలేదనే అనుకోనక్కర్లేదు. 'ఆ ఎడమ పక్క కొంచెం కత్తిరిస్తే ఎలా ఉంటుందో' అని సందేహంగా అన్నారనుకోండి, 'కత్తిరించు' అని చెప్పినట్టే. జర్మనీ వెళ్లినతను చెప్పేదాన్ని బట్టి అక్కడి క్లబ్బులో సూటిగానే అంటారట. మొదట్లో కోపం అనుకున్నాడు, తర్వాత అలవాటైంది.

ఇక్కడ మన వైపు నుంచి కూడా ఒక చిక్కుంది. మనం పెద్దవాళ్ల ముందు గమ్మున కూర్చుంటాం. అది మర్యాద అని పెరిగాం. అక్కడ గమ్మున కూర్చుంటే ఫోటోలంటే మీకు ఆసక్తి లేదనుకుంటారు. పేరు పెట్టి పిలవమంటారు, డెబ్బై ఏళ్ల మనిషిని కూడా. నాకు నోరు రావడానికి ఆర్నెల్లు పట్టింది. మొహమాటం ఉంటే ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి: 'ఇది ఎక్కడ తీశారు?' తర్వాత మాట అదే వస్తుంది.

తోటి వేషం

మొదటి ఏడాది నేను పోటీకి పెట్టింది మన తిరుపతి గంగమ్మ జాతర ఫోటో. తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరిని పీడించిన పాలెగాణ్ణి, అంటే ఆ ప్రాంతాన్ని ఏలిన దొరను, వెతుకుతూ అమ్మవారు రోజుకొక వేషం వేసిందంటారు, భక్తులూ అలాగే వేస్తారు. తోటి వేషం నాడు ఒళ్లంతా బొగ్గు పూసుకుంటారు, వేపమండలు చుట్టుకుంటారు. తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర ఒక కుర్రాడి ముఖం దగ్గరగా తీశాను. నాకు ప్రాణం లాంటి ఫోటో అది.

జడ్జి చూశాడు. ముఖం నల్లగా లేదు, బూడిద రంగులో ఉంది, వెనకున్న ఆకులు తెల్లగా పాలిపోయాయి, ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వదిలే వెలుగు, తగ్గించాల్సింది అన్నాడు. ఇరవైకి పదమూడు. జాతర గురించి ఒక్క మాట లేదు. మా అమ్మవారిని, మా ఊరిని తీసి పక్కన పడేసినట్టు అనిపించింది నాకు. రెండు నెలలు క్లబ్బు మొహం చూడలేదు.

తర్వాత ఒక రాత్రి ఆ ఫోటో తెరిచి చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకు తన ముందున్నది ఏమిటో తెలియదు, నల్లటిదైనా తెల్లటిదైనా అన్నిటినీ మధ్యరకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేమంతా బొగ్గు పూసిన ముఖం ఉంటే 'చీకటిగా ఉంది' అనుకుని వెలుగు పెంచేస్తుంది. అందుకే బొగ్గు బూడిదైంది. మరుసటి మే నెలలో సెలవు పెట్టి జాతరకు వచ్చాను. తోటి వేషానికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటరు ఎంచిన వెలుగును మనం పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ ఒకటిలో పెట్టి తీశాను. బొగ్గు నల్లగా వచ్చింది, ఆ నలుపు మీద చెమట గీతలు మెరుస్తూ కనపడ్డాయి. నామం సుద్ద పూసుకునే బైరాగి వేషానికి దీనికి తలకిందులుగా, ప్లస్ పెట్టాలి. కుంకుమ పూసుకునే బండ వేషానికి మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చాలదు, ఎరుపు ఒక్కటే పొంగిపోయి కుంకుమ ముద్దలా కనపడుతుంది, రంగుల హిస్టోగ్రామ్ చూసుకోవాలి. ఇంత నేర్చుకున్నానంటే ఆ పదమూడు మార్కుల మాటే కారణం. నేను దాన్ని మా ఊరిని అన్నట్టు తీసుకున్నాను, ఆయన వెలుగు గురించి మాట్లాడాడు.

ఆ కొత్త ఫోటో మళ్లీ తీసుకెళ్లినప్పుడు, మార్కులు లేని సాయంత్రానికి పట్టుకెళ్లి, రెండే వాక్యాలు చెప్పాను. 'ఇది మా ఊరి అమ్మవారి జాతర. ఈ రోజు భక్తులు బొగ్గు పూసుకుంటారు.' టీ టైములో ఒక పెద్దావిడ నా పక్కకొచ్చి, 'మరి తర్వాతి రోజు ఏం పూసుకుంటారు?' అని అడిగింది. దొర వేషం, గంధం అని చెప్పాను. ఆ రాత్రి హాలు తాళం వేసేదాకా మాట్లాడుకున్నాం. కాబట్టి మన పండగ, మన గుడి, మన జనం ఉన్న ఫోటో పెట్టేటప్పుడు రెండు వాక్యాలు సిద్ధం చేసుకోండి. పది వద్దు. పది చెప్తే వాళ్లు ఫోటో చూడరు, మిమ్మల్ని చూస్తారు. పోటీలో అయితే ఆ రెండు వాక్యాలకూ చోటుండదు, టైటిలే మోయాలి.

మీ వంతు వచ్చినప్పుడు

ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం తీసుకోవడం కంటే కష్టం. నేను నమ్మేది ఇది: మీ కన్ను ముందు ఎక్కడికి పోయిందో చెప్పండి. బాగుందో లేదో తర్వాత. మన బ్యాచ్‌లో ఇదే పాటిస్తున్నాం, అక్కడ కూడా ఇది పనికొస్తుంది.

కిందటి జనవరిలో చంద్రగిరి కోట దగ్గర టీ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చూస్తున్నాం. డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి తీసిన ఫోటో. రాజమహల్ కమానుల ముందు తోటపని చేసే ఆమె నీళ్లు పడుతోంది, పొద్దుటి ఎండ పైపు నీళ్ల మీద పడి తళుక్కుమంటోంది. ఒక నిమిషం అందరం మాట్లాడకుండా చూశాం, అది మా నియమం. తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. ఒకతను 'కుడి పక్క నీలం బకెట్' అన్నాడు. రెండో ఆవిడ 'బకెట్' అంది. మూడో మనిషీ అదే. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, 'బకెట్ నేను చూడనే లేదక్కా' అంది. ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు, ఎవరూ కత్తిరించమనలేదు. ఆమే లేచి కోటలోకి వెళ్లింది. ఎండ ఎక్కిపోయింది, తోటామె వేరే పక్కకు పోయింది. తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చి, రెండడుగులు ఎడమకు జరిగి తీసింది. 'ఫ్రేము అంచులు చూసుకోవాలి' అని మనం వందసార్లు చెప్పినా అంత నాటుకునేది కాదు.

తీసినవాళ్లు ఏమనుకుని తీశారో అడగండి. జలపాతం నీళ్లు దూదిలా ఉన్నాయని ఒకరికి నచ్చదు. కానీ తీసినాయన ట్రైపాడ్ వేసి, కావాలనే షట్టర్ అర సెకను తెరిచి ఉండేలా పెట్టాడేమో. ఆయనకు దూది కావాలి, మీకు తుంపర్లు కావాలి. తలకోన జలపాతం దగ్గర మా ఇద్దరు పెద్దలు దీని మీదే ఒక పూట వాదించుకున్నారు. అడిగితే అర నిమిషంలో తేలిపోయేది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, మీరు చేయకండి. ఒక ప్రింట్ల సాయంత్రం ఒకావిడ చిన్న పిట్ట ఫోటో గోడకు ఆనించింది. నేను ఉత్సాహంగా చెయ్యెత్తి, 'పిట్ట కంట్లో షార్ప్‌నెస్ లేదు, ఫోకస్ కొమ్మ మీద పడింది' అన్నాను. నిజమే. ఆవిడ 'థాంక్యూ' అని ప్రింటు తీసి సంచిలో పెట్టుకుంది. అది ఆవిడ జీవితంలో వేయించుకున్న మొదటి ప్రింటని టీ దగ్గర ఇంకొకరు చెప్పారు. తర్వాతి వారం క్షమాపణ చెప్పి, ఫోకస్ పాయింటు ఒక్కదాన్నే ఎంచుకుని కంటి మీద పెట్టడం ఎలాగో ఆవిడ కెమెరాలోనే చూపించాను. ఆ మాట మొదటి రోజే, నలుగురిలో కాకుండా, టీ కప్పు పట్టుకుని పక్కన నిలబడి చెప్పి ఉండాల్సింది. అప్పటి నుంచి నాకిదే అలవాటు. మెచ్చుకోవాల్సింది అందరి ముందూ అంటాను, సరిదిద్దాల్సింది వాళ్లు అడిగితేనే.

అడిగేటప్పుడు 'ఎలా ఉంది?' అని అడగొద్దు. ఎవరైనా 'బాగుంది' అంటారు, అంతే. 'ఆకాశం ఎక్కువైందా?' 'ఈ మనిషి లేకపోతే ఫోటో నిలబడుతుందా?' ఇలా ఒక్కటి అడగండి. చెప్తున్నప్పుడు 'అది ఎందుకంటే' అని మధ్యలో అందుకోకండి, నోట్‌బుక్‌లో రాసుకోండి. విన్నవన్నీ పాటించనక్కర్లేదు. ఇద్దరు ఒకే మాట చెప్తే మాత్రం ఆ రాత్రే ఫోటో తెరిచి చూడండి. ఎవరైనా 'ఆమెను అడిగి తీశావా?' అంటే అది నింద కాదు, అక్కడ మామూలుగా అడిగేదే. నిజం చెప్పండి.

ఇక మొదటి రోజుకు ఫోటోలు: రెండు చాలు. ఒకటి మన ఊరిది, ఒకటి అక్కడ దిగాక తీసింది. రెండోది మీ బస్టాపు అయినా సరే, మీ వంటగది కిటికీ అయినా సరే, తప్పకుండా ఉండాలి. అది ఆ ఊరివాళ్లు రోజూ చూసేదే కాబట్టి మాట్లాడటానికి వాళ్లకూ ఏదో ఒకటి దొరుకుతుంది.

ఆ రెండోది మాకు కూడా పంపండి. మన టైము ప్రకారం శనివారం రాత్రి పదింటిలోగా వస్తే, ఆదివారం చంద్రగిరిలో అన్నిటితో పాటు చూస్తాం. పేరు రాయొద్దు. ఒక నిమిషం చూసి, ఎవరి కన్ను ముందు ఎక్కడికి పోయిందో రాసి సాయంత్రానికి పంపిస్తాం.