ఆవకాయ వ్యాపారం పెట్టేముందు: కాయలు కొనకముందే తేల్చుకోవాల్సినవి

ఆవకాయ అమ్మాలనుకునేవాళ్లకు పెద్ద చిక్కు, కాయ ఏడాదికి ఒక్కసారే రావడం. ఏప్రిల్, మే నెలల్లో టెంక ముదిరి, పులుపు మీద ఉన్నప్పుడే కొనాలి. వానలు మొదలైతే కాయ నీరు పట్టి ముక్క మెత్తబడుతుంది. ఆ హడావిడిలో క్వింటాళ్ల కొద్దీ కాయ దించేసి, జాడీలు నిండాక కొనేవాళ్ల కోసం వెతుక్కునేవాళ్లే ఎక్కువ. ముందు కొనేవాళ్లు దొరకాలి, కాయల సంగతి ఆ తర్వాత.

మరి మామిడి రాకముందు ఏం అమ్మి చూడాలి? టమాటా, గోంగూర ఎప్పుడూ దొరుకుతాయి. పండుమిర్చి మామిడి కంటే ముందే వస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో వీటిని నాలుగైదు కిలోలు మాత్రమే పెట్టి, పావుకిలో సీసాల్లో అమ్మండి. మీ చేతి రుచి, సీసా, ధర, కొరియర్ అన్నీ అక్కడే తేలిపోతాయి.

అమ్మకం ఎంత చిన్నదైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోండి. ఆ 14 అంకెల నంబరు, తయారీ తేదీ, బరువు, వాడిన పదార్థాలు, ఆకుపచ్చ గుర్తు లేబుల్ మీద ఉండాలి.

చుట్టాలకు ఊరికే ఇచ్చి ఎలా ఉందంటే ఎవరైనా "అదిరింది వదినా" అనే అంటారు. అది లెక్కలోకి రాదు. రేపు అమ్మబోయే ధరకే, మీతో ఏ మొహమాటమూ లేనివాళ్లకు అమ్మాలి. రెండు మూడు వారాలు ఆగి ఫోన్ చేయండి. బాగుందా అని అడగొద్దు. సీసాలో ఇంకా ఎంత ఉంది, ఇంట్లో ఎవరు తింటున్నారు, ఇంతకుముందు ఎక్కడ కొనేవాళ్లు, ఎంతకు కొన్నారు, ఇవి అడగండి. చివర్లో "ఇంకోటి పంపమంటారా?" అని ఊరుకోండి. డబ్బు పంపారా, నచ్చినట్టు. "చెప్తాంలెండి" అన్నారా, అదీ జవాబే.

రుచి మార్చి చూసేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. సగం సీసాలకు గుంటూరు కారం, సగానికి బ్యాడిగి (ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉండే కర్ణాటక మిర్చి) కలిపిన కారం వేసి, మూత మీద పెన్నుతో గుర్తు పెట్టి, ఒకే ఇంటికి రెండూ పంపండి. అదే విడతలో నూనె కూడా మార్చారంటే ఏది నచ్చిందో మీకే తెలియదు.

కస్టమర్ చెప్పిందల్లా చేసేయకూడదు కూడా. దాదాపు ప్రతి ఒక్కరూ ఉప్పు తగ్గించమంటారు. ఊరగాయ నిలవుండేది చాలావరకు ఉప్పు వల్లే. తగ్గించి చూడాలనుకుంటే ఒక చిన్న జాడీ విడిగా పెట్టి, ఫ్రిజ్‌లో కాకుండా బయటే ఉంచి నెలలపాటు గమనించండి. బూజు పట్టదని నమ్మకం కుదిరేదాకా అది అమ్మకానికి కాదు.

కొరియర్ దగ్గర నష్టపోయేవాళ్లు చాలామంది. ప్యాక్ చేసిన సీసాను ఒక రాత్రంతా తలకిందులుగా పెట్టి, ఉదయాన్నే అట్టపెట్టె అడుగు తడిమి చూడండి. చేతికి నూనె అంటితే మూతో సీలో మార్చాల్సిందే. తర్వాత హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న మనవాళ్లకు ఒకటి పంపి, విప్పేటప్పుడు వీడియో తీయమనండి. అమెరికా ఆర్డర్ల జోలికి మొదటి ఏడాది పోవద్దనే నా మాట. అక్కడికి పంపే ఖర్చు పచ్చడి ధరను మించిపోతుంది.

మార్చి చివరికల్లా ఆవకాయకు అడ్వాన్స్ అడగండి, సగమైనా సరే. ఎన్ని కిలోలకు డబ్బు వస్తుందనుకుంటున్నారో ముందే కాగితం మీద రాసుకోండి. యాభై కిలోలు అనుకుని ఇరవైకే వస్తే, ఇరవైకి సరిపడా కాయే కొనండి. డ్వాక్రా అప్పు ఈ ప్రయత్నంలో పెట్టొద్దు. డెలివరీ తేదీ చెప్పేటప్పుడు మూడో రోజు తిరగకలపాలనీ, ఆ తర్వాత ముక్క ఊరడానికి రోజులు పడుతుందనీ లెక్కేసుకుని చెప్పండి. ప్రతి విడత నుంచీ ఒక సీసా తేదీ రాసి ఇంట్లో ఉంచుకుంటే, ఆగస్టులో ఎవరైనా పాడైందని ఫోన్ చేసినప్పుడు మూత తీసి చూసుకోవచ్చు.