గూగుల్‌లో రోగం వెతికే ముందు ఇవి చూస్కోండి

రిపోర్ట్ చేతికి రాగానే ఫోన్ తీసి వెతకడం మొదలెడతాం కదా, ఆగండి.

- సైట్ ఎవరిదో ముందు చూడండి. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ళ మెడ్‌లైన్‌ప్లస్ ఫ్రీ, యాడ్స్ ఉండవు, గుండె కిడ్నీ లాంటివి ఎలా పనిచేస్తాయో కూడా తేలిక ఇంగ్లీషులోనే రాస్తారు.

- యూనిట్లు! మన ల్యాబుల్లో షుగర్ మిల్లీగ్రాముల్లో ఇస్తారు, బ్రిటన్ సైట్లలో మిల్లీమోల్స్‌లో ఉంటుంది, అక్కడి 5.6 అంటే మన దగ్గర దాదాపు 100, 18తో గుణిస్తే సరి, ఇది తెలీక నేను ఓ రాత్రంతా నిద్రపోలేదు, నవ్వకండి.

- పేజీ ఎప్పుడు అప్‌డేట్ చేశారో, ఆ తేదీ.

- వీడియో కింద ఏదో పొడి అమ్మే లింకుంటే వదిలేయండి.

- ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం లాంటివైతే వెతకడాలేం వద్దు, వెంటనే 108కి ఫోన్ కొట్టండి.